పొద్దు ఆలస్యంగా గూకే దేశం

మా ఇళ్లలో ఎవరైనా ఊరు దాటి పోతున్నారంటే దానికో కారణం ఉండాలి. పెళ్లో, చావో, మొక్కో, దవాఖానో. ఊరికే చూసి రావడానికి పోవడమన్నది మా ఇంటా వంటా లేదు. బాసరకు పోయేది పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి, షిర్డీకి పోయేది మొక్కు తీర్చడానికి, నాందేడుకు పోయేది సంబంధం చూడడానికి. అందుకని అరవై దాటిన మా అక్క సముద్రాల అవతల ఉన్న ఐర్లాండుకు పోయి వస్తానన్నప్పుడు, వాళ్ల ఊళ్లో అందరూ అడిగింది ఒకటే, అక్కడ ఏ దేవుడున్నాడని. అక్క నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. దేవుడో దవాఖానో లేకపోతే భూమ్మీద చూడదగ్గదేమీ లేనట్టే మాట్లాడతారు మావాళ్లు.

అక్కది బోధన్ నుంచి వర్నికి పోయే దారిలో కాలువ కింది ఊరు. కింద వరి, పైన మెరక చెల్కలో పసుపు. బావ పోయాక కొడుకూ కోడలూ ఆమె చెప్పుచేతల్లోనే వ్యవసాయం చేస్తున్నారు. ఏ మడిలో ఏ విత్తనం పడాలో, ఏ రోజు నాటు మొదలుపెట్టాలో ఇప్పటికీ ఆమె నోటి నుంచి రావాల్సిందే. అంతటి మనిషి పొద్దు గూకగానే అరుగు మీదనో మంచం మీదనో కూర్చుండిపోతుంది. ఎవరైనా వచ్చి చెయ్యందిస్తే తప్ప లేవదు. ఆమెకు చిన్నప్పటి నుంచి రేచీకటి.

చిన్నప్పుడు ఆ చెయ్యందించే పని నాది. నేను ఆమెకంటే ఐదేళ్లు చిన్నదాన్ని. చెరుకు కొట్టే రోజుల్లో బాపు బండి కట్టుకుని బోధన్ ఫ్యాక్టరీకి బయలుదేరేవాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది, మా వైపు చెరుకూ తగ్గిపోయింది. కానీ అప్పట్లో చీకటి పడగానే దూరాన దాని దీపాలు మెరిసేవి, గాలి ఇటు మళ్లితే పాకం మాడిన వాసన ఊరంతా వచ్చేది. నేను గడ్డివాము ఎక్కి ఆ దీపాలు చూసేదాన్ని. కింద నిలబడి అక్క అవి ఎట్లా ఉన్నాయో చెప్పమనేది. నేను ఉన్నవీ లేనివీ కలిపి చెప్పేదాన్ని. ఎర్రవని, నీలివని, ఒకటి కదులుతోందని. అక్క అన్నీ నమ్మేది, లేదా నమ్మినట్టు ఊ కొట్టేది.

బతుకమ్మ రోజుల్లోనూ అంతే. ఆడవాళ్లంతా మాపటేళ కూడి ఆట మొదలుపెట్టేవాళ్లు. అక్క నా ఓణీ కొస పట్టుకుని రెండు చుట్లు తిరిగి, చప్పట్లు కొట్టి, వెలుగు తగ్గగానే ఇంటికి పోదాం పద అనేది. నాకేమో అసలు ఆట అప్పుడే మొదలైనట్టుండేది. కోపంగానే తీసుకుపోయేదాన్ని. బతుకమ్మలను నీళ్లలో వదిలితే దీపాలతో తేలిపోతాయని ఆమె వినడమే గానీ చూసింది లేదు.

కిందటి ఎండాకాలం ఆమెను జిల్లా టౌనులో మా కంఠేశ్వర్ పేటలోని కళ్ల డాక్టరుకు చూపించాను. నేను సోషల్ టీచరుగా రిటైరై ఆ పక్క వీధిలోనే ఉంటున్నాను. కళ్లలో చుక్కలు వేసి, ఏవేవో మిషన్లలో చూసి, ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. చూపు పక్కల నుంచి ముడుచుకుంటూ వస్తోంది. ఇప్పటికే ఆమె గొట్టంలోంచి చూస్తున్నట్టు నడిమిది మాత్రమే చూస్తోంది. పగటి చూపు కూడా ఇంకో రెండు మూడేళ్లకు మించి నమ్మలేం. దీనికి మందు లేదు. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈలోపు చూసేయండమ్మా అన్నాడు. అక్క తల ఊపింది. ముక్కు చీదుకున్నది నేను.

చుక్కల మసక తగ్గేదాకా కూర్చోమన్నారు. ఆ గదిలో గోడ నిండా ఒక దృశ్యం అంటించి ఉంది. పచ్చటి కొండ సముద్రంలోకి నిట్టనిలువుగా తెగి ఉంది. పైన ఒక తెల్లటి ఇల్లు, రాయి మీద రాయి పేర్చిన గోడలు, గొర్లు. కళ్లు కాస్త తేటపడ్డాక అక్క లేచి దాని ముందుకు పోయి, మెల్లగా తల అటూ ఇటూ తిప్పుతూ ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. ఆమె ఒక వస్తువును అంతసేపు చూడడం నేనెప్పుడూ గమనించలేదు.

"గిది ఏడుంది చెల్లె?" అనడిగింది.

కాశ్మీరు అని చెప్పాను. కాశ్మీర్ల సముద్రం ఏడిదే అంది. ఎన్నో ఏళ్లు పిల్లలకు మ్యాపులు చెప్పిన నేను నాలుక కరుచుకున్నాను. అక్క మళ్లీ గోడ వైపు తిరిగి, నాతో కాకుండా తనతో తాను అనుకుంటున్నట్టు, "సూస్తె గిసొంటిది సూడాలె," అంది.

ఇంటికొచ్చాక ఆ బొమ్మను ఫోన్లో వెతికితే అది ఐర్లాండు పడమటి ఒడ్డని తేలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్క జీవితంలో నన్ను ఫలానాది కావాలని అడిగింది లేదు. ఇదీ అడిగినట్టు కాదు. అయినా తెల్లారేసరికి నేను నిర్ణయించుకున్నాను, ఆ కళ్లు ఉండగా ఆ కొండను ఆమెకు చూపించాలని. ఖర్చు ఇద్దరం చెరిసగం అనుకున్నాం. ఆ లెక్కలు ఇక్కడెందుకు.

ఆ వానాకాలమంతా మేము ఆ దేశాల్లోనే బతికాం. చదివినకొద్దీ నాకు ఆశ పెరిగింది. ఐర్లాండు ఒక్కటేనా, పక్కన స్కాట్లాండు, కింద వేల్స్, సముద్రం దాటితే ఫ్రాన్సు కొసన బ్రిటనీ. ఇవన్నీ కెల్టులనే పాత జాతుల నేలలట. ఒకప్పుడు యూరపు నడిమధ్య దాకా మాట్లాడిన ఆ జాతుల భాషలు పడమటికి తగ్గుతూ తగ్గుతూ వచ్చి చివరికి సముద్రం ఒడ్డున ఆగాయట. ఇంకో అడుగు వెనక్కి వేస్తే నీళ్లే. ఊరి పేర్ల బోర్డులు రెండు భాషల్లో ఉంటాయట, మన బోర్డుల మీద తెలుగూ ఉర్దూ పక్కపక్కన ఉన్నట్టు. నేను ఆ ఊళ్ల పేర్లను వంట చేస్తూ పైకి అనుకునేదాన్ని. సగం అక్షరాలు పలకవు, పలికేవి రాసి ఉండవు. నోరు తిరగకపోయినా ఆ పేర్లు అనుకుంటుంటే వంటింట్లోకి ఎక్కడిదో చల్లగాలి వచ్చినట్టుండేది.

మ్యాపు పరిచి, అన్నీ చుట్టి వచ్చేలా ఎర్ర పెన్నుతో గీతలు గీసి, పెద్ద గొప్పగా అక్కకు చూపించాను. ఆమె మ్యాపు వంక చూడనే లేదు. అంత తిరిగితే రోడ్లు, బస్టాండ్లే కనబడతాయని, తనకు ఒక్కచోట కూర్చుని చూడాలని ఉందని చెప్పింది. గీతలన్నీ కొట్టేశాను. ఐర్లాండు పడమటి ఒడ్డున ఒక ఊళ్లో ఉండడం, ఆ తర్వాత పడవెక్కి స్కాట్లాండుకు పోయి నాలుగు రోజులుండి రావడం. పడవ అక్క కోరిక. కాలువ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, పడవ ఎక్కింది లేదు.

అక్కడి పాత బావుల సంగతి కూడా చదివాను. పల్లెల్లో బావి పక్కన చెట్టుకు గుడ్డ పేలికలు కట్టి మొక్కుకుంటారట, మా దర్గాల దగ్గర చెట్లకు ముడుపులు కట్టినట్టే. వాటిలో కొన్ని కళ్ల జబ్బుకు పేరున్న బావులట. ఆ నీళ్లు కళ్లకు అద్దుకుంటే మంచిదని నమ్మకం. నేను ఇట్లాంటివి నమ్మే మనిషిని కాదు, అయినా లోపల ఎక్కడో ఆశ లేచి కూర్చుంది. ఫోన్లో అక్కకు చెప్పాను.

"మొక్కు వెట్టకు చెల్లె," అంది. "ఎన్ని మొక్కులు మొక్కిన్నో నీకెరికేనాయె. గిదొక్కటి ఉత్తగ సూసొస్త."

ఆ తర్వాత నేను బావుల మాట ఎత్తలేదు. ఊళ్లో ఎవరైనా అక్కడ ఏ దేవుడున్నాడని అడిగితే, దేవుడు లేడు సముద్రముందని అక్క జవాబు చెప్పడం మొదలుపెట్టింది. అడిగినవాళ్లు ఆమెకు చూపుతో పాటు ఇంకేదో కూడా తగ్గిందన్నట్టు చూసి పోయేవాళ్లు.

ఎప్పుడు పోవాలన్నది మాకు చాలా తేలికైన ప్రశ్న అనిపించింది. వరి కోత అయిపోవాలి, పసుపు తవ్వకం మొదలు కాకూడదు. వానలుండకూడదు, ఎండలు రాకూడదు. అంటే డిసెంబరు. ప్రయాణాలకు చలికాలమే మంచిదని ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. మా స్కూలు పిల్లలను ఊళ్లు తిప్పింది ఎప్పుడూ డిసెంబర్లోనే. మే, జూన్ అంటే మాకు వడగాడ్పులు, ఎండిన బోర్లు, తలుపులేసుకుని పడుకోవడం. ఆ నెలల్లో ఊరు కదిలేవాణ్ని పిచ్చివాడి కింద జమ కడతాం. అక్క కొడుకు డిసెంబరుకు వెంటనే ఒప్పుకున్నాడు. టికెట్లు చేసే అతను, అది అక్కడ సీజను కాదు మేడం, రద్దీ ఉండదు అన్నాడు. ఎందుకు సీజను కాదో నేను అడగలేదు. రద్దీ లేకపోతే అక్కను నడిపించుకు తిరగడం సులువని సంతోషించాను. చలంటావా, స్వెట్టర్లు ఉండనే ఉన్నాయి అనుకున్నాం.

పాస్‌పోర్టు పనులు నడుస్తుండగానే అక్క ఫోన్లో నేనొక కెమెరా పెట్టిచ్చాను. ఐర్లాండు ఒడ్డున ఒక చిన్న రేవులో స్తంభానికి బిగించిన కెమెరా అది. అక్కడ ఆ నిమిషంలో ఏం జరుగుతుంటే అది ఎవరి ఫోన్లోనైనా కనబడుతుంది. నాలుగు పడవలు, ఒక రాతి గోడ, వెనక పచ్చటి గుట్ట. అంతకుమించి ఏమీ జరగదు. అక్క మధ్యాహ్నం అన్నం తిని, అరుగు మీద స్తంభానికి ఫోను ఆనించి, కాసేపు ఆ రేవు చూసి, తర్వాత కునుకు తీసేది. ఆమెకు మిగిలిన చూపుకు ఆ చిన్న ఫోను అద్దం సరిగ్గా సరిపోయింది. తన ఇంటి పెరడైనా ఆమెకు ముక్కలు ముక్కలుగా కనబడుతుంది గానీ ఆ రేవు మొత్తం ఒక్కసారే కనబడేది.

సాయంత్రం నాకు ఫోను చేసి ఆ రోజు సంగతులు చెప్పేది. ఇవాళ ఒక పడవ లేదు, చేపలకు పోయినట్టుంది. ఇవాళ వాన, మన తీరుగ కాదు, జల్లెడ పట్టినట్టు సన్నగా. ఒక ముసలాయన రోజూ అదే వేళకు కుక్కను తీసుకుని గోడ పక్క నుంచి పోయేవాడు. అక్క ఆయనకు కుక్కాయన అని పేరు పెట్టింది. ఇయ్యాల కుక్కాయన గొంతుకు ఏదో సుట్టుకున్నడు, పడిశం వట్టిందేమో అని దిగులు పడేది. ఆ ఫోన్ల కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని. చిన్నప్పుడు గడ్డివాము మీద నుంచి నేను ఆమెకు చెప్పాను, ఇప్పుడు ఆమె నాకు చెబుతోంది. అక్క ఉన్నవీ లేనివీ కలిపేది కాదు, అంతే తేడా.

దీపావళి దాటాక ఆ ఫోన్లు తగ్గాయి. వరి కోతల పనిలో ఉందనుకున్నాను. చేసినా ఆరోగ్యం, వడ్ల ధర మాట్లాడి పెట్టేసేది. కుక్కాయన ఎట్లున్నాడని అడిగితే ఉన్నడు అనేది. నేను నా లోకంలో నేనున్నాను. స్కాట్లాండు కొండల వీడియోలు చూస్తూ, ఆ సరస్సుల మీద ఎండ తళతళలాడుతుంటే నిమిషాలు లెక్క చూసుకోకుండా కూర్చునేదాన్ని. ఆ వీడియోలన్నీ ఎవరో వాళ్ల ఎండాకాలంలో తీసి పెట్టినవని నాకు తట్టనే లేదు.

కార్తీక పున్నమి వెళ్లాక టికెట్లకు తేదీ ఖాయం చేద్దామని ఫోను చేశాను. నువ్వొక్కదానివే పోయిరా, వచ్చి చెప్పు, వింటాను అంది. ఎందుకే అంటే, గంతే అని పెట్టేసింది. మరునాడు బోధన్ బస్సెక్కాను. దారి పొడుగునా రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు వాటిని తప్పించుకుంటూ మెల్లగా పోతుంటే, కోసిన మడుల మీద కొంగలు తిరుగుతుంటే, అవేవీ చూడబుద్ధి కాలేదు. అంత బాగున్నందుకు కోపం కూడా వచ్చింది.

నేను పోయేసరికి అక్క అన్నం తిని అరుగు మీద కూర్చుని ఉంది. కొడుకూ కోడలూ కల్లం దగ్గర ఉన్నారు. ఫోను లోపల బట్టల కింద పెట్టేసిందట.

"కనవడ్త లేదు చెల్లె," అంది నేను అడగకముందే. "మొదలు మబ్బు వట్టినట్టయ్యింది. ఇగ వారం సంది నల్లగనే ఉంటుంది. డాక్టరు రెండు మూడేండ్లన్నడు గని, గంత దాక ఆగేటట్టు లేదు."

వాకిలి కనబడుతోందా అన్నాను. కనబడుతోందట. నేను కట్టిన చీర రంగు చెప్పింది. మరి ఫోనెందుకు కనబడదంటే, అందులోది సన్నటిది కదా, సన్నటి చూపే ముందు పోతుందేమో అంది. అది ఎన్ని రోజులు తనలో తాను తిప్పి తిప్పి తేల్చుకున్న మాటో ఆ గొంతులో తెలిసింది. కొడుక్కు చెప్పలేదు. చెబితే మళ్లీ దవాఖాన, మళ్లీ చుక్కలు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అది కనబడకుండా లోపలికి పోయి ఫోను తెచ్చి, నా కోసమే అన్నట్టు కెమెరా తెరిచాను.

అద్దం నల్లగా ఉంది. ఒక మూలన ఒక దీపం, దాని కింద నీళ్లలో సన్నటి గీత. మిగతాదంతా చీకటి. వెలుగు పెంచాను. అంతే. మూసి మళ్లీ తెరిచాను. అంతే. గోడ గడియారం చూసి, అక్కడి వేళ లెక్కవేసుకున్నాను. వాళ్లకు పొద్దున ఏడు దాటింది, అయినా తెల్లారలేదు.

"నాకు గూడ చీకటే కనపడ్తుందక్కా," అన్నాను.

ఓదార్చడానికి అంటున్నాననుకుంది. నా మొహం మీదికి వంగి చూసింది. ఒట్టు పెట్టుకున్నాను. ఫోనును మళ్లీ స్తంభానికి ఆనించి, ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నేను లేచి చాయ్ పెట్టుకొచ్చాను. చాయ్ సగం తాగేసరికి నలుపు బూడిద రంగైంది. అందులోంచి మొదట రాతి గోడ వచ్చింది, తర్వాత పడవలు ఒక్కొక్కటే వచ్చాయి, చివరికి గుట్ట. ఎవరో తడిబట్టతో అద్దం మెల్లగా తుడుస్తున్నట్టుంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చాలాసేపటికి ఒక మనిషి, ఆయన వెనక ఒక కుక్క, గోడ పక్క నుంచి నడిచిపోయారు.

"కుక్కాయన," అంది అక్క. ఆ తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేనూ అంతే.

జరిగింది చిన్న విషయం. ఆమె రోజూ అన్నం తినగానే ఒకే వేళకు రేవు చూసేది. వానాకాలంలో ఆ వేళకు అక్కడ బాగా పొద్దెక్కి ఉండేది. చలికాలం వస్తున్నకొద్దీ వాళ్ల పొద్దు పొడవడం వెనక్కి వెనక్కి పోయింది, మధ్యలో వాళ్ల గడియారాలూ మారాయి. అక్క చూసే వేళకు తెల్లారడమే మానేసింది. అక్కడ పోయిన వెలుగును ఆమె తన కళ్లలో పోయిందనుకుంది. భూమి ఒరిగి తిరుగుతుందని, ఉత్తరానికి పోయినకొద్దీ చలికాలం పగలు కురచ అవుతుందని నేను బోర్డు మీద గీసి చూపించని సంవత్సరం లేదు. అయినా డిసెంబరన్నది నేనే, ఊ అన్నది ఇంటిల్లిపాదీ. మా చలికాలం మా తలల్లో అంత గట్టిగా కూర్చుని ఉంది. ఇన్నేండ్లు పోరగాండ్లకు ఏం జెప్పినవే అని అక్క మొట్టికాయ వేసింది.

అప్పుడే ఇంకో సంగతి నా బుర్రకెక్కింది. డిసెంబర్లో అక్కడ సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గూకుతుంది. రేచీకటి మనిషిని అంత దూరం తీసుకుపోయి, మధ్యాహ్నం తిన్న అన్నం అరగకముందే హోటలు గదిలో మంచం మీద కూర్చోబెట్టేదాన్ని. వాన, మబ్బు పోను ఆమెకు దక్కేది ఏ పూటో ఒక గంట వెలుగు.

మరి అక్కడ వెలుగుండేది ఎప్పుడని అడిగింది అక్క. మే, జూన్ అన్నాను. ఎంతసేపంటే, రాత్రి పదిదాకా అన్నాను. ఆమె గాజులు సర్దుకుంది.

"పదిదాక అంటె, బువ్వ తిన్నంక గూడనా?"

"తిన్నంక గూడ. తిని, సముద్రం దాక నడిచి రావచ్చు."

"నడువొచ్చు," అంది అక్క, ఆ మాట రుచి చూస్తున్నట్టు. అరవై ఏళ్లుగా పొద్దు గూకడమంటే ఆమెకు గొళ్లెం పడడం. ఎక్కడో ఒక దేశంలో అందరూ తిని, చేతులు కడుక్కుని, తీరిగ్గా బయటికొచ్చి నిలబడినా ఆ గొళ్లెం పడదు. అట్లాంటి చోటు ఒకటుందని ఎవరూ ఆమెకు చెప్పనేలేదు. నాకూ ఊహలో అక్కడి మాపటేళ ఒకటి కనబడింది. అక్క ముందు నడుస్తోంది, నేను వెనకబడ్డాను, గడ్డి తడిగా ఉంది.

అయితే జూన్ అంటే మాకు నాట్లు. పసుపు పెట్టేది కూడా అప్పుడే. అక్క లేకుండా ఆ ఇంట్లో పసుపు పెట్టింది లేదు. కొడుకు చెడ్డవాడు కాదు, తల్లిని దేనికీ కాదనే మనిషీ కాదు. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని బిత్తరపోయాడు. ఒక్క ఏడు ఆగమన్నాడు. వచ్చే ఏడు ఎవరినైనా కుదుర్చుకుంటానన్నాడు. నా వైపు తిరిగి, చిన్నమ్మా నువ్వన్నా చెప్పు అన్నాడు. నేను పప్పులో నెయ్యి వేసుకుంటూ తల ఎత్తలేదు.

"పసుపు ఏటేట మొలుస్తది బిడ్డా," అంది అక్క. "నా కండ్లు మొలువయి."

అతను కంచంలో చెయ్యి కడుక్కుని లేచి పోయాడు. కోపంతో కాదు. వాకిట్లో అతను నిలబడి ముక్కు తుడుచుకోవడం నాకు కనబడింది, అక్కకు కనబడలేదు. పొద్దున్నే వచ్చి, టికెట్లు జూన్‌కే చేయించు చిన్నమ్మా అని నాతో చెప్పి పొలానికి పోయాడు.

ఇది మే నెలాఖరు. టికెట్లు వచ్చాయి, వీసాలు వచ్చాయి. మొన్న విత్తన పసుపు కుప్ప విప్పారు. చలికాలం చివర తవ్విన పసుపులో విత్తనానికి పనికొచ్చేది ఏరి, వేపచెట్టు నీడన కుప్ప పోసి, ఎండుటాకులు కప్పి, పైన మట్టితో మెత్తి ఉంచుతారు. వానల ముందు దాన్ని విప్పేదీ, ఏది పెట్టాలో ఏది తీసేయాలో ఏరేదీ అక్కే. కొమ్మును చేతిలోకి తీసుకుని బొటనవేలితో మొలకెత్తే కన్ను తడిమి, ఇటో అటో వేసేది. ఈసారి గునపం కోడలి చేతికిచ్చి తాను పీట మీద కూర్చుంది. కోడలు ప్రతి కొమ్మూ తెచ్చి చూపించబోతే, నీ చేతికి ఎట్ల తోస్తె గట్ల ఎయ్యమంది. కోడలు మొదట తడబడి, తర్వాత చకచకా వేయసాగింది. అక్క చేతులు ఒళ్లో ఊరికే ఉండలేక ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. కుప్ప సగమయ్యాక లేచి, బోరు దగ్గర మొహం కడుక్కుని, చాలాసేపు అక్కడే నిలబడింది. ఆమెకు కష్టమైంది. కష్టం కాదని నేను రాయలేను.

అన్నాలయ్యాక ఇద్దరం అరుగు మీద కూర్చుని రేవు చూశాం. అద్దం నిండా పొగమంచు. పడవల్లేవు, గోడ లేదు, గుట్ట లేదు, కుక్కాయన వచ్చిందీ పోయిందీ తెలియదు. అంతకుముందు రెండు రోజులూ ఇదే. అక్కడ ఎండాకాలంలో కూడా సముద్రం మీది నుంచి మంచు వచ్చి రోజుల తరబడి కూర్చుంటుందని నేను చదివాను గానీ ఆమెకు చెప్పలేదు. ఇంత చేసి, పంటను వదిలి, కొడుకు మనసు కష్టపెట్టి, అంత దూరం పోయాక కొండ కనబడకపోతే? ఆ భయం కొన్నాళ్లుగా నన్ను తినేస్తోంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, గంత దూరం పోయినంక మొత్తం గిట్ల మంచే ఉంటె ఏం జేస్తవ్?"

అక్క ఫోను చేతిలోకి తీసుకుని మొహం దగ్గరగా పెట్టుకుంది. తల కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పుతూ ఆ తెల్లదనాన్ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూసింది.

"మంచుంటె మంచునె సూస్త," అంది. "గది గూడ కనవడాలె గద చెల్లె."